అణు, రేడియోధార్మిక అత్యవసర పరిస్థితులపై గ్రామీణ ప్రజల అవగాహన: వ్యవసాయ విస్తరణ బాధ్యత

కోస్తా గ్రామాల్లో తుపాను హెచ్చరిక వినగానే రైతులు కోసిన పనలను కుప్ప వేస్తారు, పశువులను మెరక ప్రాంతానికి తోలుతారు, వృద్ధులను, పిల్లలను తుపాను ఆశ్రయ భవనాలకు చేరుస్తారు. ఈ అవగాహన ఒక్కరోజులో వచ్చినది కాదు. 1977 నవంబరులో దివిసీమను ముంచెత్తిన ఉప్పెన తరువాత హెచ్చరికల వ్యవస్థ, ఆకాశవాణి ప్రకటనలు, ప్రజల స్వానుభవం కలిసి దశాబ్దాల కాలంలో దీనిని రూపొందించాయి. అణు, రేడియోధార్మిక ప్రమాదాల విషయంలో మన గ్రామాలకు అటువంటి అనుభవం లేదు. అనుభవం లేకపోవడం అదృష్టమే. అయితే అనుభవం నేర్పలేని దానిని బోధన ద్వారానే నేర్పవలసి ఉంటుంది.

ఈ ముప్పుకు రంగు లేదు, వాసన లేదు, చప్పుడు లేదు. పైరు పచ్చగానే కనిపిస్తుంది, పాలు తెల్లగానే ఉంటాయి. గత ప్రమాదాలను పరిశీలిస్తే, ప్రజలు పొందిన వికిరణ మోతాదులో సులభంగా నివారించదగిన భాగం ఆహారం ద్వారా, ముఖ్యంగా పాలు, ఆకుకూరల ద్వారా చేరినదేనని తెలుస్తుంది. ఆ భాగాన్ని అరికట్టే నిర్ణయం చాలావరకు పశువుల పాక దగ్గర, గడ్డివాము దగ్గర, పాల సేకరణ కేంద్రం దగ్గర జరుగుతుంది. అందువలన ఈ అంశంపై ప్రజల అవగాహన అణుశక్తి శాఖకు, పోలీసులకు, వైద్యులకు మాత్రమే పరిమితమైన విషయం కాదు. అది వ్యవసాయ విస్తరణకు సంబంధించిన పాఠ్యాంశం కూడా.

ముప్పులో రెండు రకాలు

అణు రియాక్టరు లేదా ఇంధన చక్రానికి చెందిన కర్మాగారంలో జరిగే ప్రమాదాన్ని అణు అత్యవసర పరిస్థితి అంటారు. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్‌లోను, 2011 మార్చిలో భూకంపం, సునామీ అనంతరం ఫుకుషిమాలోను జరిగినవి ఈ కోవకు చెందినవి. వీటిలో రేడియోధార్మిక పదార్థాలు గాలిలో కలిసి, వర్షంతో, ధూళితో విశాలమైన వ్యవసాయ భూములపై పడతాయి.

వైద్యం, పరిశ్రమలు, పరిశోధనలలో వాడే రేడియోధార్మిక మూలకాలు పోయినా, దొంగిలింపునకు గురైనా, తెలియక పగులగొట్టబడినా, దురుద్దేశంతో వెదజల్లబడినా ఏర్పడేది రేడియోధార్మిక అత్యవసర పరిస్థితి. 1987 సెప్టెంబరులో బ్రెజిల్‌లోని గోయానియా నగరంలో, ఖాళీచేసిన వైద్యశాలలో వదిలేసిన క్యాన్సరు చికిత్సా యంత్రం నుంచి సీజియం-137 ఉన్న గుళికను ఇద్దరు పట్టుకుపోయి పాత సామాను వర్తకునికి అమ్మారు. చీకటిలో నీలిరంగులో మెరిసే ఆ పొడిని వింతగా భావించి ఇళ్లకు తీసుకువెళ్లారు. నలుగురు మరణించారు. 249 మందిలో కాలుష్యాన్ని గుర్తించారు. లక్షమందికి పైగా ప్రజలను పరీక్షించవలసి వచ్చింది. మన దేశంలో 2010 ఏప్రిల్‌లో ఢిల్లీలోని మాయాపురి పాత ఇనుము బజారులో ఇటువంటి ప్రమాదమే జరిగింది. వాడకంలో లేని గామా వికిరణ పరికరం వేలంలో తుక్కుగా అమ్ముడై, దానిలోని కోబాల్ట్-60 బయటపడింది. ఒక కార్మికుడు మరణించాడు, మరికొందరు అస్వస్థులయ్యారు.

మాయాపురికి చేరిన పరికరం ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాల నుంచి వెళ్లినది. నేల తేమను కొలిచే న్యూట్రాన్ ప్రోబులు, ఉత్పరివర్తన ప్రజననానికి వాడే గామా చాంబర్లు, ఎరువుల వినియోగ అధ్యయనంలో వాడే ఫాస్ఫరస్-32 వంటి ట్రేసర్లు వ్యవసాయ పరిశోధనకు కొత్త కావు. పదవీ విరమణలు, బదిలీల మధ్య ఒక పరికరం మూలన పడితే, అందులో ఏముందో తెలిసినవారు కొన్నేళ్ల తరువాత ఎవరూ మిగలకపోవచ్చు. అందువలన ఈ పాఠం రైతుల కంటే ముందు పరిశోధనా స్థానాల సామగ్రి రిజిస్టర్ల వద్ద మొదలుకావాలి.

వికిరణానికి గురికావడం, కలుషితం కావడం

ప్రజలకు ముందుగా బోధించవలసిన తేడా ఇది. ఎండలో నిలబడినవాడు నీడకు చేరగానే ఎండ అతని వెంట రాదు. దుమ్ములో నడిచినవాడు ఇంటికి వస్తే దుమ్ము అతనితోనే వస్తుంది. గామా కిరణాలకు గురైన విత్తనం మొదటి కోవకు చెందినది. భాభా అణు పరిశోధనా కేంద్రం రూపొందించిన టి.ఎ.జి.-24 వంటి వేరుశనగ రకాలు కిరణాల ద్వారా కలిగించిన ఉత్పరివర్తనల నుంచి వచ్చినవే. వాటిలో రేడియోధార్మికత ఉండదు. ప్రమాద సమయంలో రేడియోధార్మిక ధూళి పడిన పచ్చిమేత రెండవ కోవకు చెందినది. ఆ ధూళి పశువు కడుపులోకి, పాలలోకి, పిల్లల శరీరంలోకి ప్రయాణిస్తుంది. ఈ తేడా తెలియని చోట ప్రజలు భయపడనవసరం లేనిదానికి భయపడతారు, జాగ్రత్త పడవలసినదానిని వదిలేస్తారు.

వ్యవసాయం దృష్ట్యా మూడు మూలకాలు ముఖ్యమైనవి. అయోడిన్-131 అర్ధాయుష్షు 8 రోజులు. అది పాల ద్వారా థైరాయిడ్ గ్రంథికి చేరుతుంది. సీజియం-137 అర్ధాయుష్షు సుమారు 30 ఏళ్లు. మొక్కలోను, శరీరంలోను అది పొటాషియం వలె ప్రవర్తిస్తుంది. స్ట్రాన్షియం-90 అర్ధాయుష్షు సుమారు 29 ఏళ్లు. అది కాల్షియం వలె ఎముకలకు చేరుతుంది. మొదటి వారాల్లో అయోడిన్‌తోను, తరువాతి సంవత్సరాల్లో సీజియంతోను వ్యవసాయ యంత్రాంగం తలపడవలసి ఉంటుంది.

పాల మార్గం

1957 అక్టోబరులో ఇంగ్లండులోని విండ్‌స్కేల్ రియాక్టరులో మంటలు చెలరేగినప్పుడు, సుమారు 500 చదరపు కిలోమీటర్ల పరిధిలోని పాడి క్షేత్రాల పాల అమ్మకాన్ని కొన్ని వారాలపాటు నిలిపివేశారు. ఆ పాలను సేకరించి, పలుచన చేసి పారబోశారు. పచ్చిక మేసిన ఆవు పాలలో అయోడిన్ ఒకటి రెండు రోజుల్లోనే కనిపిస్తుందన్న విషయం అప్పటికే తెలుసు.

మూడు దశాబ్దాల తరువాత చెర్నోబిల్ ప్రమాదంలో ఈ జ్ఞానం చేరవలసిన వారికి వేళకు చేరలేదు. ప్రమాదం గురించి సోవియట్ ప్రభుత్వం రెండు రోజుల తరువాత, ఏప్రిల్ 28 సాయంత్రం క్లుప్తంగా ప్రకటించింది. ఆనాడు గ్రామీణ కుటుంబాలలో అనేకం సొంత ఆవు పాలు తాగేవి. ఆ పాలు డెయిరీ తనిఖీకి వచ్చేవి కావు. బెలారస్, ఉక్రెయిన్, రష్యాలలో అప్పటి పిల్లలు, కిశోరప్రాయుల్లో 2005 నాటికి 6,000కు పైగా థైరాయిడ్ క్యాన్సరు కేసులు నమోదయ్యాయి. వాటిలో గణనీయమైన భాగానికి కారణం అయోడిన్-131తో కలుషితమైన పాలేనని ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘం నిర్ధారించింది. అదే సమయంలో పొరుగు దేశమైన పోలండు ఏప్రిల్ 29 నుంచే పిల్లలకు స్థిర అయోడిన్ ఇవ్వడం ప్రారంభించి, కోటిమందికి పైగా పిల్లలకు అందించింది. ఆవులను పచ్చికపై మేపవద్దని ఆదేశించి, చిన్నపిల్లలకు పాలపొడి సరఫరా చేసింది.

పాలు కాచి తాగడం మన ఇళ్లలో తరతరాల అలవాటు. సూక్ష్మజీవులకు అది సరైన విరుగుడు. రేడియోధార్మికతను మాత్రం కాచడం తగ్గించదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన పాలలో దాని గాఢత కొంత పెరుగుతుంది కూడా. ఈ ఒక్క వాక్యం ప్రతి పాడి కుటుంబానికి ముందుగా తెలిసి ఉండాలి. అయోడిన్ విషయంలో కాలమే ఉపాయం. 80 రోజులు, అనగా పది అర్ధాయుష్షులు గడిస్తే అది సుమారు వెయ్యో వంతుకు తగ్గుతుంది. అందుకే అధికారుల పర్యవేక్షణలో పాలను పొడిగా మార్చి నిల్వచేయడం ఒక ప్రత్యామ్నాయం. వెన్న, నెయ్యిలోకి అయోడిన్, సీజియం చేరే భాగం తక్కువ. అయితే అటువంటి నిర్ణయం పరీక్షా ఫలితాలపై ఆధారపడవలసినది. ఇంటివారు సొంతంగా తీసుకోదగినది కాదు.

గడ్డి ద్వారా వచ్చిన కాలుష్యం

వరి పండించే తెలుగు రైతుకు అత్యంత సన్నిహితమైన ఉదాహరణ ఫుకుషిమాలో కనిపిస్తుంది. 2010 శరదృతువులో కోసిన వరి గడ్డిని కొందరు రైతులు శీతాకాలమంతా పొలంలోనే వదిలేశారు. 2011 మార్చిలో ఆ గడ్డిపై రేడియోధార్మిక ధూళి పడింది. ఆరుబయట ఉంచిన మేతను పశువులకు వేయవద్దని జపాను వ్యవసాయ మంత్రిత్వ శాఖ మార్చి నెలలోనే పశుపోషకులకు సూచన జారీచేసింది. కాని గడ్డిని అమ్మే వరి రైతులకు ఆ సూచన తగిన విధంగా చేరలేదు. పొలాల్లోని గడ్డి కట్టలు కట్టబడి పశువుల పాకలకు, ఇతర జిల్లాలకు కూడా తరలింది. జులైలో మార్కెట్టుకు చేరిన గొడ్డుమాంసంలో నాటి తాత్కాలిక పరిమితి అయిన కిలోకు 500 బెక్వెరల్‌ను మించి సీజియం బయటపడింది. ఫుకుషిమా పశువుల రవాణాను ప్రభుత్వం నిలిపివేసింది. తప్పు చేయని పశుపోషకులు కూడా మార్కెట్టు కోల్పోయారు.

ఇక్కడ శాస్త్రీయ పరిజ్ఞానానికి గాని, ప్రకటనకు గాని కొరత లేదు. పాలు, మాంసం ఉత్పత్తి చేసేవారికి సూచన వెళ్లింది, మేత అమ్మేవారికి వెళ్లలేదు. హెచ్చరిక శాఖల విభజనను అనుసరించగా, కాలుష్యం గడ్డి బండిని అనుసరించింది. మన గ్రామాల్లోనూ వరి రైతు వేరు, గడ్డి కొనే పాడి రైతు వేరు, రవాణా చేసే వ్యాపారి వేరు. వీరికి వేర్వేరు శాఖల నుంచి వేర్వేరు సమయాల్లో సమాచారం అందుతుంది. అవగాహన కార్యక్రమం రూపొందించేటప్పుడు మొదట గీయవలసిన చిత్రం మేత, పాలు, ధాన్యం ఒక చేతి నుంచి మరొక చేతికి మారే దారి.

నేల, పొటాషియం, వరి పైరు

సీజియంను నేల ఎంత గట్టిగా పట్టి ఉంచుతుందన్నది బంకమన్ను స్వభావాన్ని బట్టి ఉంటుంది. అభ్రకం కోవకు చెందిన ఇల్లైట్ వంటి ఖనిజాలు దానిని పొరల అంచుల్లో బిగించి ఉంచుతాయి. సేంద్రియ పదార్థం అధికంగా ఉన్న నేలల్లో, తేలికపాటి ఇసుక నేలల్లో అది మొక్కకు సులభంగా అందుతుంది. బ్రిటన్‌లోని కొండ ప్రాంతాల పీటు నేలల్లో మేసిన గొర్రెలపై చెర్నోబిల్ అనంతరం విధించిన ఆంక్షలు 2012 వరకు కొనసాగడానికి ఇదే ముఖ్య కారణం.

2011 నవంబరులో ఫుకుషిమా నగర పరిసరాల్లోని కొన్ని మళ్ల ధాన్యంలో పరిమితిని మించిన సీజియం కనిపించింది. అటువంటి మళ్లలో అనేకం వినిమయ పొటాషియం తక్కువగా ఉన్నవేనని పరిశోధకులు గుర్తించారు. నాట్లకు ముందు 100 గ్రాముల నేలకు 25 మిల్లీగ్రాముల వినిమయ పొటాష్ ఉండేటట్లు ఎరువు వేయడం తరువాతి సిఫారసు అయింది. 2012 ఏప్రిల్ నుంచి సాధారణ ఆహార పరిమితిని కిలోకు 100 బెక్వెరల్‌కు, పాలకు 50కి తగ్గించారు. ఆ ఏడాది పంట నుంచి ఫుకుషిమాలోని ప్రతి బియ్యపు బస్తాను పరీక్షించారు. సుమారు కోటి బస్తాలలో పరిమితి మించినవి 2012లో 71, 2013లో 28, 2014లో 2. 2015 పంటలో ఒక్కటి కూడా లేదు.

పై పొర మట్టిని కొన్ని సెంటీమీటర్ల మేర తొలగించడం, లోతు దుక్కి ద్వారా పై మట్టిని కిందికి మార్చడం కూడా అమలు చేశారు. పొద్దుతిరుగుడు పైరు నేలను శుద్ధి చేస్తుందన్న ప్రచారం విస్తృతంగా జరిగింది. క్షేత్ర ప్రయోగాల్లో అది పీల్చుకున్న సీజియం అత్యల్పమని తేలింది. విస్తరణ శాస్త్రవేత్త ఇటువంటి ఆకర్షణీయమైన పరిష్కారాలకు తొందరపడి ఆమోదం తెలుపరాదు.

తెలుగు రాష్ట్రాల తేలిక ఎర్ర చల్కా నేలల్లో, తీరపు ఇసుక నేలల్లో లభ్య పొటాషియం తరచు తక్కువ. నల్లరేగడి నేలల్లో సాధారణంగా ఎక్కువ. అమ్మోనియం రూపంలోని నత్రజని నేల పట్టు నుంచి సీజియంను కొంత విడిపించగలదు. కాబట్టి అటువంటి పరిస్థితి తలెత్తితే యూరియా, పొటాష్‌ల సమతుల్యత సాధారణ కాలంలో కంటే మరింత ముఖ్యమవుతుంది. ప్రస్తుత నేల పరీక్షల పొటాషియం వివరాలు మండలాలవారీగా భద్రపరచడం ఖర్చు లేని ముందస్తు సన్నద్ధత.

భయం వలన కలిగే నష్టం

అవగాహన లోపానికి మరొక ముఖం భయం. 2011 మార్చిలో ఫుకుషిమాకు ఎంతో దూరంలో ఉన్న చైనా నగరాల్లో ప్రజలు అయోడిన్ ఉప్పు కోసం దుకాణాలపై ఎగబడ్డారు. ఉప్పులోని అయోడిన్ అత్యల్పం. థైరాయిడ్‌ను రక్షించాలంటే తినవలసిన ఉప్పు మోతాదే ప్రాణాపాయం కలిగిస్తుంది. పొటాషియం అయోడైడ్ మాత్రలు కూడా థైరాయిడ్‌ను రేడియోధార్మిక అయోడిన్ నుంచి మాత్రమే కాపాడతాయి. సీజియంపై, బయటి కిరణాలపై వాటి ప్రభావం లేదు. అధికారులు చెప్పిన సమయంలో, చెప్పిన మోతాదులోనే వాటిని వాడాలి.

గోయానియాలో కాలుష్యం నగరంలోని కొన్ని ప్రదేశాలకే పరిమితమైనా, ఆ రాష్ట్ర వ్యవసాయోత్పత్తులను బయటి కొనుగోలుదారులు తిరస్కరించారు. పరీక్షా ఫలితాలను వేళకు, అర్థమయ్యే భాషలో, గ్రామం పేరుతో సహా ప్రకటించడం ఒక్కటే ఇటువంటి నష్టాన్ని తగ్గించే మార్గం.

తెలుగు రాష్ట్రాల్లో పరిస్థితి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అణు విద్యుత్ కేంద్రం ప్రస్తుతం లేదు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో కేంద్రం ప్రతిపాదనలో ఉంది. పొరుగు రాష్ట్రాలైన తమిళనాడులో కల్పాక్కం, కర్ణాటకలో కైగా కేంద్రాలు పనిచేస్తున్నాయి. హైదరాబాదులోని అణు ఇంధన సముదాయం, కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని రియాక్టర్లు కావు. వాటి ముప్పు స్వభావం వేరు. బోధనలో వీటన్నింటినీ ఒకే గాటన కట్టరాదు. ఇక ఆస్పత్రుల్లోని క్యాన్సరు చికిత్సా యంత్రాలు, వెల్డింగు నాణ్యతను పరీక్షించే ఇరిడియం పరికరాలు, చమురు బావుల పరీక్షలో వాడే మూలకాలు దేశమంతటా రహదారులపై ప్రయాణిస్తుంటాయి. గ్రామానికి సమీపంలో ఎదురయ్యే అవకాశం వీటికే ఎక్కువ.

విపత్తు నిర్వహణ చట్టం 2005లో వచ్చింది. అణు, రేడియోధార్మిక అత్యవసర పరిస్థితుల నిర్వహణపై జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2009లో మార్గదర్శకాలు వెలువరించింది. అణు కేంద్రం వెలుపలి అత్యవసర చర్యలకు జిల్లా కలెక్టరు నేతృత్వం వహిస్తారు. ఆ ప్రణాళికలో వ్యవసాయ, పశుసంవర్ధక శాఖలకు పాత్ర ఉంటుంది. ఆ పాత్రను నిర్వహించవలసిన క్షేత్రస్థాయి సిబ్బందికి శిక్షణ లేకపోతే ప్రణాళిక కాగితానికే పరిమితమవుతుంది.

రైతులకు బోధించవలసిన అంశాలు

కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు, రైతు సేవా కేంద్రాలు, రైతు వేదికల శిక్షణలో విపత్తుల పాఠం కింద ఈ అంశాలను ఒక గంట వ్యవధిలో బోధించవచ్చు.

1. ప్రకటన వినగానే ఇంట్లోకి చేరి తలుపులు, కిటికీలు మూయాలి. బయట తిరిగినవారు పైబట్టలు విప్పి సంచిలో మూటకట్టి వేరుగా ఉంచి, సబ్బుతో స్నానం చేయాలి. శరీరంపై పడిన ధూళిలో అత్యధిక భాగం దీనితోనే తొలగిపోతుంది.

2. ధూళి మేఘం చేరకముందే సమయం ఉంటే పశువులను పాకలోకి తోలి, గడ్డివాములను, దాణాను, నీటి తొట్లను పరదాలతో కప్పాలి. మేఘం చేరిన తరువాత ఈ పనులకు బయటికి రాకూడదు.

3. పశువులకు కప్పి ఉంచిన మేత, బోరు నీరు మాత్రమే ఇవ్వాలి. చెరువు నీరు, పచ్చిమేత నిలిపివేయాలి.

4. పరీక్షలు జరిగే వరకు తాజా పాలు ఎవరూ తాగరాదు, ముఖ్యంగా పిల్లలకు పట్టరాదు. పశువు ఆరోగ్యం కోసం పాలు పితకడం ఆపనవసరం లేదు. ఆ పాలను కాలువల్లో, చెరువుల్లో పోయరాదు.

5. ఆకుకూరలు కోయరాదు. అనుమతి లేకుండా పొలం దున్నరాదు. దున్నితే పైపొరలో ఉన్న కాలుష్యం వేళ్ల మండలంలోకి కలిసి, తొలగించడం కష్టమవుతుంది. గడ్డిని తగలబెట్టరాదు. తగలబెడితే కాలుష్యం పొగలోకి, బూడిదలోకి చేరుతుంది.

6. పరీక్ష పూర్తయ్యే వరకు గడ్డి, ధాన్యం, పశువులను అమ్మరాదు, తరలించరాదు.

7. పసుపు రంగుపై మూడు రెక్కల గుర్తు ఉన్న వస్తువు, లేదా ఆకారానికి మించి బరువున్న సీసపు డబ్బా పాత సామానులో కనిపిస్తే తాకరాదు, తెరవరాదు. దూరంగా జరిగి, ఇతరులను దూరంగా ఉంచి, 112కు లేదా జిల్లా నియంత్రణ గది సంఖ్య 1077కు తెలపాలి.

8. ఊరు ఖాళీచేయమన్న ఆదేశం వస్తే పశువుల కోసం ఆగరాదు. ఈ మాట చెప్పడం కష్టమే. పాడి కుటుంబం ఆవును వదిలి కదలదు. అందుకే పశువుల తరలింపు, మేత ఏర్పాట్లు గ్రామ ప్రణాళికలో ముందే రాసి ఉండాలి.

అవగాహనను కొలవడం

శిక్షణకు ఎందరు హాజరయ్యారన్న లెక్క అవగాహనకు కొలమానం కాదు. శిక్షణకు ముందు, తరువాత, ఆరు నెలలకు ఒకే ప్రశ్నావళితో పరీక్షించాలి. పాలు కాచితే రేడియోధార్మికత పోతుందా? వెంటనే దున్నడం మంచిదా? కిరణాలకు గురిచేసిన విత్తనం హానికరమా? మాత్ర ఎప్పుడు వేసుకోవాలి? ఇటువంటి పది ప్రశ్నలు చాలు. విస్తరణ విద్యలో స్నాతకోత్తర విద్యార్థులకు ఇది తగిన పరిశోధనాంశం.

నమూనా ఎంపికలో కొందరిని ప్రత్యేకంగా చేర్చాలి. పాలు పితికేది, పిల్లలకు పట్టేది ఎక్కువగా స్త్రీలే, శిక్షణ జాబితాల్లో మాత్రం తరచు పురుషుల పేర్లే ఉంటాయి. కౌలు రైతులు చాలాచోట్ల రికార్డుల్లో కనిపించరు. మందలతో ఊరూరూ తిరిగే గొర్రెల కాపరులు ఏ గ్రామ జాబితాలోనూ ఉండరు. గడ్డి వ్యాపారులు, పాత సామాను కొనేవారు వ్యవసాయ శాఖ పరిధిలోకి రారు. ఫుకుషిమాలో సూచన అందనివారు ఇటువంటి జాబితాల మధ్య ఖాళీలో ఉన్నవారే. కలెక్టరు నిర్వహించే విపత్తు విన్యాసాల్లో పాల సేకరణ కేంద్రాన్ని, ఒక గడ్డి వ్యాపారిని భాగస్వాములను చేస్తే ఆ ఖాళీ ఎంత ఉన్నదో విన్యాసంలోనే బయటపడుతుంది.

ముగింపు

విండ్‌స్కేల్‌లో పాలు ఆగాయి, చెర్నోబిల్ గ్రామాల్లో ఆగలేదు, పోలండులో పిల్లలకు వేళకు మాత్ర అందింది, ఫుకుషిమాలో గడ్డి బండి ఆగలేదు. ఈ నాలుగు సందర్భాల్లోనూ అవసరమైన విజ్ఞానం ఎక్కడో ఒకచోట ఉన్నది. అది పాకలోని మనిషికి చేరిందా లేదా అన్నదే ఫలితాన్ని నిర్ణయించింది. తుపాను పాఠంతో పాటు ఏడాదికొకసారి ఒక గంట ఈ పాఠానికి కేటాయించడం, పరిశోధనా స్థానాల్లోని రేడియోధార్మిక పరికరాల జాబితాను సరిచూడడం, మండలాలవారీ పొటాషియం వివరాలను అందుబాటులో ఉంచడం ఇప్పుడున్న సిబ్బందితో, ఇప్పుడున్న నిధులతో సాధ్యమైన పనులు. వీటిని వార్షిక కార్యాచరణ ప్రణాళికలో చేర్చడం విస్తరణ విభాగాల తక్షణ కర్తవ్యం.